మీకు తెలుసా? మనిషికి తొమ్మిది బిందెలు

తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వీధి కుళాయి కింద బిందె పెట్టి, నీళ్ళు ఎప్పుడొస్తాయా అని చెవి ఒగ్గి కూర్చున్న బాల్యం నాది. ముందు గాలి బుసకొట్టేది. తర్వాత కాసేపు ఎర్రటి నీళ్ళు, ఆపైన తేటనీళ్ళు. మా వీధి మొదట్లో బొటనవేలంత ఉన్న ధార చివరికొచ్చేసరికి దారప్పోగంత అయ్యేది. అది వాల్వు తిప్పే మనిషి చేస్తున్న పని అనే అందరం అనుకునేవాళ్ళం, పాపం ఆయన్ని తిట్టుకునేవాళ్ళం కూడా. అసలు సంగతి చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ పైపులు వేసినప్పటి లెక్కలో మా వీధి చివర ఇళ్ళు లేవు.

ఊళ్ళో ఎందరుంటారు, ఒక్కొక్కరికి రోజుకు ఎన్ని నీళ్ళు కావాలి, ఏ గంటలో ఎక్కువ కావాలి? ఏ పట్టణానికి నీటి పథకం వేసినా ఇంజనీరు ముందు ఈ మూడూ తేల్చుకోవాలి. ఆయన రాసుకున్న జవాబులే తర్వాత పైపు లావుగా, ట్యాంకు కొలతగా, మోటారు హెచ్‌పీగా మారి, ముప్పై ఏళ్ళపాటు ఊరి మీద ఉండిపోతాయి. ఆ లెక్కలోని సంగతులు కొన్ని ఈసారి.

135 ఎక్కడిది?

భూగర్భ మురుగుపైపులున్న పట్టణానికి మనిషికి రోజుకు 135 లీటర్లు. మహానగరాలకు 150. మురుగుపైపులు లేని ఊరికి 70. ఇంటింటికీ కుళాయి లేక వీధి కుళాయే దిక్కయిన చోట 40. కేంద్ర ప్రభుత్వ ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ 1999లో తెచ్చిన మాన్యువల్ ఇచ్చిన అంకెలివి. మన మున్సిపాలిటీల పథకాలు చాలావరకు వీటి మీదే లేచాయి.

లీటర్లలో చెబితే కంటికి ఆనదు. పదిహేను లీటర్ల బిందెతో కొలిచి చూడండి. 135 లీటర్లంటే సరిగ్గా తొమ్మిది బిందెలు. 70 అంటే అయిదుకు కాస్త తక్కువ. 40 అంటే మూడు బిందెలు కూడా నిండవు. ఒక మనిషి ఒంటి శుభ్రం, బట్టల శుభ్రం, కడుపు, వాకిలి అన్నీ ఆ మూడు బిందెల్లోపలే.

ఆ తొమ్మిది బిందెలూ ఏమవుతాయో పాఠ్యపుస్తకాల్లో పద్దు ఉంది. స్నానానికి 55 లీటర్లు, మరుగుదొడ్డికి 30, బట్టలుతకడానికి 20, అంట్లకు 10, ఇల్లు కడగడానికి 10, వంటకు 5, తాగడానికి 5. కూడి చూసుకోండి, 135 వస్తుంది. అంటే గొంతు దిగేదీ, అన్నంలో ఉడికేదీ కలిపితే బిందె కూడా కాదు. మిగతా ఎనిమిది బిందెల పైచిలుకు ఒంటికీ ఇంటికీ దొడ్డికీ పోతుంది. అయినా మొత్తం 135 లీటర్లనూ పటికవేసి తేర్చి, ఇసుకలో వడకట్టి, క్లోరిన్ కలిపి తాగేంత శుభ్రంగా పంపాల్సిందే. ఇంటికొచ్చే పైపు ఒక్కటే కదా. హాంకాంగ్ మాత్రం 1950ల నుంచీ మరుగుదొడ్లకు వేరే పైపు వేసి సముద్రపు నీళ్ళు పంపిస్తోంది. మంచినీటి వనరులు అంతంతమాత్రంగా ఉన్న నగరానికి అది తప్పనిసరై దొరికిన ఉపాయం.

ఇళ్ళకు కావలసిన నీటి గురించి చెప్పే భారతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ 1172. లక్ష దాటిన జనాభాకు, ఫ్లష్ దొడ్లున్న ఇళ్ళకు మనిషికి 150 నుంచి 200 లీటర్లు ఇవ్వాలంటుంది. బలహీనవర్గాల, తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకైతే పరిస్థితిని బట్టి 135కి దించుకోవచ్చంటుంది. నాకు ఇది ఎన్నడూ మింగుడుపడలేదు. రోజంతా ఎండలో మట్టి మోసి వచ్చిన మనిషికి స్నానపు నీళ్ళు తక్కువ చాలని ఏ లెక్కన తేల్చారు?

70కీ 135కీ మధ్య మురుగుపైపు

పై అంకెల్లో ఒక విచిత్రం గమనించారా? ఊరు అదే, మనుషులూ అదే దాహం ఉన్నవాళ్ళే. కిందినుంచి మురుగుపైపు వేయగానే కోటా దాదాపు రెట్టింపైంది. ఫ్లష్‌కు నీళ్ళు కావాలి, నిజమే. ఇంకో కారణమూ ఉంది. మురుగుపైపులో మలినం అడుగున పేరుకోకుండా కొట్టుకుపోవాలంటే ప్రవాహానికి కొంత వేగం ఉండాలి, ఆ వేగానికి చాలినంత నీరుండాలి. కోట్లు ఖర్చుపెట్టి డ్రైనేజీ వేసి, నీళ్ళు మాత్రం పాత 70 లీటర్ల లెక్కనే వదిలితే మ్యాన్‌హోళ్ళు పొంగుతాయి. ఇచ్చిన నీటిలో నూటికి 80 వంతులు మురుగుగా తిరిగి వస్తుందని లెక్క. అందుకే నీటి పద్దు తప్పితే ఆ తప్పు కుళాయి దగ్గర ఆగదు, మురుగు శుద్ధి ప్లాంటు దాకా పోతుంది.

కేప్‌టౌన్ కరువు, మన పల్లె కోటా

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరానికి 2018లో డ్యాములు అడుగంటాయి. కుళాయిలన్నీ కట్టేసే రోజు ఎప్పుడొస్తుందో ప్రపంచమంతా లెక్కపెట్టింది. ఫిబ్రవరి 1 నుంచి మనిషికి రోజుకు 50 లీటర్లు మించకూడదని అక్కడ ఆంక్ష పెట్టారు. అది ఆ నగరానికి విపత్తు.

మన దేశంలో 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ పల్లెల్లో ప్రతి ఇంటికీ కుళాయి ఇస్తూ పెట్టుకున్న కొలత మనిషికి 55 లీటర్లు. వాళ్ళ కరువు రేషన్‌కూ మన మామూలు లక్ష్యానికీ తేడా అయిదు లీటర్లే. మైళ్ళ దూరం నడిచి మోసుకొచ్చే ఆడవాళ్ళకు ఈ 55 కూడా ఎంత పెద్ద మేలో నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. తెలంగాణలో మిషన్ భగీరథ పల్లెలకు 100, మున్సిపాలిటీలకు 135, కార్పొరేషన్లకు 150 లీటర్లుగా లెక్కవేసుకుంది. పల్లెకు వంద అని రాసుకోవడమే గట్టి నిర్ణయమని నా అభిప్రాయం.

ముప్పై ఏళ్ళ తర్వాత ఎందరుంటాం?

తలసరి అంకె మాన్యువల్‌లో దొరుకుతుంది. జనాభా అంకె ఎక్కడా దొరకదు, ఊహించాలి. నీటి లెక్కలో అసలైన సాహసం ఇక్కడే.

ఎందుకంటే పైపులు ఇవాళ్టి జనం కోసం వేసేవి కావు. మోటార్లు, ఫిల్టర్ ప్లాంటు, ఓవర్‌హెడ్ ట్యాంకులు 15 ఏళ్ళకు సరిపోవాలి. పైపులైన్లు 30 ఏళ్ళకు. డ్యామ్ అయితే 50 ఏళ్ళకు. మోటారు పాతబడితే మార్చుకోవచ్చు. బజారు నడిమధ్య పాతిన పైపును తవ్వి లావుపాటిది వేయడం అంత తేలికా? డ్యామ్ ఎత్తు పెంచడం అసలే కాదు. మార్చడం ఎంత కష్టమైతే అంత దూరం చూసి కట్టాలి.

ఒక ఊరిని ఊహించుకుందాం. 1991లో 40 వేలమంది, 2001లో 50 వేలు, 2011లో 60 వేలు. 2041లో ఎందరుంటారు? పదేళ్ళకు పదివేల చొప్పున పెరుగుతోంది కాబట్టి 90 వేలు అంటాడు ఒక ఇంజనీరు. ఇది కూడిక పద్ధతి. కాదు, నూటికి ఎంత పెరిగిందో చూడాలి, మొదటి పదేళ్ళలో 25 శాతం, తర్వాత 20 శాతం, ఆ రెంటి గుణమధ్యమం ప్రకారం లక్షా పదివేలు అంటాడు ఇంకొకడు. ఇది వడ్డీకి వడ్డీ పద్ధతి. ఊరు ఒకటే, జనగణన అంకెలు అవే, ఇద్దరూ తప్పు చేయలేదు. అయినా ఇద్దరి మధ్యా ఇరవై వేలమంది తేడా వచ్చింది. 135 చొప్పున రోజుకు 27 లక్షల లీటర్లు.

మరి ఏది నిజం? దానికి పుస్తకం చాలదు, ఊళ్ళో తిరగాలి. పెరుగుతున్న కొత్త ఊరికి వడ్డీ పద్ధతి దగ్గరగా వస్తుంది, స్థిరపడ్డ పాత ఊరికి కూడిక పద్ధతి నప్పుతుంది అంటారు. బైపాస్ ఎటు పడుతోంది, ఇంజనీరింగ్ కాలేజీ ఎక్కడ వస్తోంది, పొలాలు ఏ దిక్కున ప్లాట్లయి రాళ్ళు పాతుకుంటున్నాయి, కొత్త జిల్లా కేంద్రం అవుతుందా, ఇవన్నీ తెలిసిన మనిషి వేసే లెక్క వేరుగా ఉంటుంది. 2014లో అమరావతి రాజధాని అవుతుందని 1999లో ఏ మాన్యువల్ చెప్పగలదు?

జనాభా పెరుగుతూనే ఉంటుందన్నదీ నమ్మకమే. హైదరాబాద్ నగరాన్ని చూడండి. 1911 జనగణనలో దాదాపు 5 లక్షలమంది. 1921కి దాదాపు 4 లక్షలకు పడిపోయారు. ప్లేగు, 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా ఊళ్ళను తుడిచిపెట్టిన దశాబ్దమది. సరిగ్గా ఆ సమయంలోనే, 1920లో, ఉస్మాన్‌సాగర్ పూర్తయింది. 1908 మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన సలహాల ఫలితం అది. వరద ఆపడానికీ, ఊరికి నీళ్ళివ్వడానికీ కట్టారు. 1927లో హిమాయత్‌సాగర్. అప్పుడు ఎవరైనా 1911, 1921 అంకెలు రెండూ పక్కపక్కన పెట్టి గీత గీసి ఉంటే, ఈ ఊరు చిన్నదైపోతోంది, ఇన్ని నీళ్ళెందుకు అనేవారు. 1951కి సికింద్రాబాద్‌తో కలిపి పది లక్షలు దాటింది.

ఆ తర్వాత దాహం ఊరికన్నా వేగంగా నడిచింది. ఊరి అంచున ఉన్న గండిపేట, అంటే ఆ ఉస్మాన్‌సాగరే, చాలలేదు. 1965లో మంజీరా, 1990లలో సింగూరు, 2004లో కృష్ణ, 2015లో గోదావరి. ఇప్పుడు కృష్ణ నీళ్ళు వంద కిలోమీటర్ల పైనుంచి, గోదావరి నీళ్ళు ఎల్లంపల్లి నుంచి సుమారు 180 కిలోమీటర్లు పైపుల్లో ఎత్తులెక్కి వస్తున్నాయి. ఆ లెక్కల్లో పడ్డ ప్రతి లోటునూ ఇంకాస్త దూరాన ఉన్న నది తీర్చాల్సి వచ్చింది.

లెక్కలో పేరు లేని మనుషులు

తిరుమల కొండ మీద ఇల్లూవాకిలీ ఉన్న జనం కొద్దివేలు. దర్శనానికొచ్చేవాళ్ళు మామూలు రోజుల్లోనే అరవై డెబ్భై వేలు. వాళ్ళందరికీ స్నానాలు, తలనీలాలు, అన్నప్రసాదం, సత్రాల గదులు. జనగణన ప్రకారం నీళ్ళిస్తే కొండ ఒక పూట కూడా గడవదు. అందుకే అక్కడ గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార అంటూ డ్యామ్ తర్వాత డ్యామ్ కట్టుకుంటూ వచ్చారు. మేడారం ఇంకో కొస. రెండేళ్ళకోసారి నాలుగు రోజుల సమ్మక్క సారలమ్మ జాతరకు కోటి మందికి పైగా వస్తారని అంచనా. మిగతా రోజుల్లో అది అడవి పక్క చిన్న ఊరు. ఆ నాలుగు రోజులకు శాశ్వతంగా పైపులు వేసి కూర్చోలేం, అలాగని వదిలేయనూ లేం. జంపన్నవాగు ఒడ్డున తాత్కాలికంగా కుళాయిలు పెట్టి, ట్యాంకులు నిలిపి గట్టెక్కిస్తారు.

వచ్చిపోయే జనానికి కూడా పద్దులున్నాయి. వంద పడకల లోపు ఆసుపత్రికి పడకకు 340 లీటర్లు, వంద దాటితే 450. లాండ్రీ కూడా అందులోనే. హోటల్లో పడకకు 180, హాస్టల్లో మనిషికి 135, పగటి బడిలో పిల్లవాడికి 45, సినిమా హాల్లో సీటుకు 15. హాస్టళ్ళతో నిండిపోయిన కార్పొరేట్ కాలేజీల పేటలున్న ఊళ్ళు మనకు తెలుసు. అక్కడ ఇళ్ళు లెక్కపెడితే వంద ఉంటాయి, పిల్లలు వేలల్లో ఉంటారు. ఆ పిల్లల పేర్లు వాళ్ళ సొంతూళ్ళలో ఉంటాయి, బకెట్లు ఇక్కడుంటాయి.

ఇక ఫ్యాక్టరీలు. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం ఏలేరు నుంచి 153 కిలోమీటర్ల కాలువ తవ్వారు. ఇప్పుడు విశాఖ నగరమూ ఆ కాలువ మీద ఆధారపడే తాగుతోంది. పరిశ్రమ లెక్కను ఊరి లెక్క నుంచి విడదీయడం కుదరదని ఆ కాలువ చూస్తే అర్థమవుతుంది.

భోగినాడు తెల్లవారుజామున

సగటు అన్న మాట నీళ్ళ దగ్గర పనికిరాదు. రాత్రి రెండింటికి ఎవరూ కుళాయి తిప్పరు. ఉదయం ఆరు నుంచి తొమ్మిది లోపల ఊరంతా ఒకేసారి తిప్పుతుంది. భోగినాడు, దీపావళినాడు తలంట్లకు ఇంకా ముందే, ఇంకా ఒక్కుమ్మడిగా. కెనడాలోని ఎడ్మంటన్ నగరంలో 2010 ఫిబ్రవరి 28న నీటి సంస్థ గీసిన గ్రాఫ్ ఒకటి ఇంజనీర్ల లోకంలో బాగా ప్రసిద్ధం. ఆ రోజు ఒలింపిక్ ఐస్ హాకీ ఫైనల్, కెనడాకూ అమెరికాకూ. ఆట నడుస్తున్నంతసేపూ నీటి వాడకం పడిపోయింది, విరామం ఇవ్వగానే ఎగిసింది, మళ్ళీ ఆట మొదలవగానే పడిపోయింది. ఊరు ఊరంతా ఒకేసారి దొడ్లోకి వెళ్ళొచ్చిందన్నమాట.

అందుకని పంపిణీ పైపులను సగటు ప్రవాహానికి వేయరు. 50 వేల లోపు ఊరికి సగటుకు మూడు రెట్లు, 2 లక్షల దాకా రెండున్నర రెట్లు, ఆపైన రెండు రెట్లు తట్టుకునేలా వేస్తారు. చిన్న ఊరికే ఎక్కువ గుణకం ఎందుకంటే, చిన్న ఊళ్ళో అందరి దినచర్యా ఒకటే. పెద్ద నగరంలో ఒకరు నిద్రలేచే వేళకు నైట్‌డ్యూటీ చేసినవారు పడుకుంటారు. జీవితాలు ఎన్ని రకాలైతే గ్రాఫ్ అంత నున్నగా అవుతుంది.

ఓవర్‌హెడ్ ట్యాంకు పని కూడా ఇదే. మోటారు రాత్రీపగలూ ఒకే తీరున తోడుతుంది, ఊరు మాత్రం మూడు గంటల్లో తాగేస్తుంది. రాత్రి మిగిలినది దాచి పొద్దున్న ఇచ్చేదే ట్యాంకు. మోటారు తోడేదాన్నీ, ఊరు వాడేదాన్నీ రెండు గీతలుగా గీసి, వాటి మధ్య ఎడం కొలిస్తే ట్యాంకు కొలత వస్తుంది.

నిప్పు లెక్క

యాభైవేలు దాటిన ఊరికి అగ్నిప్రమాదాల కోసం అదనంగా నీళ్ళు ఉంచాలి. దానికో సూత్రం ఉంది. జనాభాను వేలల్లో రాసి, వర్గమూలం తీసి, వందతో హెచ్చిస్తే రోజుకు కావలసిన కిలోలీటర్లు వస్తాయి. లక్ష జనాభాకు వెయ్యి కిలోలీటర్లు, అంటే పది లక్షల లీటర్లు. నాలుగు లక్షలకు ఇరవై లక్షల లీటర్లు. జనం నాలుగింతలైనా నిప్పు నీళ్ళు రెండింతలే. ఊరు పెరిగినంత వేగంగా ఒకే రోజు తగలబడే ఇళ్ళు పెరగవన్నది అందులోని ఆలోచన.

వేసవికి చెరువంత ట్యాంకు

డెల్టాలో, నాగార్జునసాగర్ కుడికాలువ కింద ఉన్న ఊళ్ళకు ఇంకో చిక్కు. నీళ్ళిచ్చేది కాలువ, వేసవిలో కాలువ కట్టేస్తారు. అందుకే సమ్మర్ స్టోరేజి ట్యాంకులు. ఒంగోలు ప్రజల వేసవి గడిచేది వాటి మీదే. లెక్క ఎలా ఉంటుందో చూడండి. లక్షమందికి 135 చొప్పున, లీకులకు 15 శాతం కలిపితే రోజుకు 155 లక్షల లీటర్లు. అరవై రోజులకు 93 కోట్ల లీటర్లు. నాలుగు మీటర్ల లోతున నింపినా దాదాపు 58 ఎకరాల ట్యాంకు కావాలి. ఎండకు ఆవిరయ్యేదీ, అడుగున ఇంకేదీ ఇంకా కలపలేదు. ఊరికి ఆనుకుని ఉన్న పాత చెరువును ప్లాట్లు చేసి అమ్మేసి, తర్వాత ట్యాంకుకు స్థలం కోసం వెతికే మున్సిపాలిటీలు ఈ లెక్క ఒక్కసారి వేసుకుంటే బాగుండేది.

దారిలో పోయేవి

క్రీస్తుశకం 97లో రోమ్ నగరపు నీటి అధికారిగా ఫ్రాంటినస్ అనే ఆయన్ని నియమించారు. ఊరికి నీళ్ళు తెచ్చే తొమ్మిది కాలువలూ ఆయన స్వయంగా తిరిగి కొలిచాడు. దస్తరాల్లో రాసినదానికన్నా మొదట్లో ఎక్కువ నీరే బయల్దేరుతోంది, ఊళ్ళోకి వచ్చేసరికి తగ్గిపోతోంది. నీళ్ళ సిబ్బందే అడ్డదారి పైపులు పెట్టి అమ్ముకుంటున్న సంగతి పట్టుకుని పుస్తకం రాశాడు. రెండు వేల ఏళ్ళనాటి ఆ ఆడిట్ ఇవాళా చదవదగ్గది.

మన 1999 మాన్యువల్ లీకులకు 15 శాతం మించి ఇవ్వొద్దంది. ఊళ్ళో ఎంత పోతోందో కొలిచే మీటర్లే లేని చోట 15 అని రాయడం వట్టి కోరిక. పోయేది 40 శాతమైతే ఇంటికి 135 చేరడానికి ప్లాంటు నుంచి 225 పంపాలి. 15 శాతమైతే 159 చాలు. మధ్యలోని 66 లీటర్లు మనిషికి దాదాపు నాలుగున్నర బిందెలు. లీకు అరికడితే కొత్త నది వెతుక్కోనక్కరలేని ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. కాంబోడియా రాజధాని నామ్‌పెన్‌లో 1993లో నీటి సంస్థ పగ్గాలు ఎక్ సోన్ చాన్ అందుకున్నప్పుడు నూటికి 72 వంతులు దారిలోనే మాయమయ్యేవి. యుద్ధాలతో చితికిన ఊరు. మీటర్లు పెట్టి, దొంగ కనెక్షన్లు తీసేసి, పైపులు మార్చి, ఆ నష్టాన్ని దాదాపు 6 శాతానికి తెచ్చారు. ఆయనకు 2006లో రామన్ మెగసెసే అవార్డు ఇచ్చారు. పేద దేశంలో సాధ్యం కాదనేవాళ్ళకు నేనెప్పుడూ ఈ ఊరి పేరే చెబుతాను.

గంట నీళ్ళు, ఇరవైనాలుగు రెట్ల పైపు

మన పట్టణాల్లో పైపుల లెక్కలన్నీ రోజంతా నీళ్ళు పారతాయన్న ఊహ మీద వేసినవి. ఇచ్చేది మాత్రం రోజుకు గంట, కొన్నిచోట్ల రోజు విడిచి రోజు. ఇరవైనాలుగు గంటల నీటిని గంటలో పంపాలంటే ప్రవాహం సగటుకు ఇరవైనాలుగు రెట్లు కావాలి. మూడు రెట్లకు వేసిన పైపు అది మోయలేదు. పైగా ఆ గంటలో ఊళ్ళోని ప్రతి కుళాయీ తెరిచే ఉంటుంది. మొదటి ఇళ్ళవాళ్ళు సంపుల్లోకి దించుకుంటారు, కొందరు లైనుకే మోటారు బిగించి లాగుతారు. చివరి ఇంటికి దారప్పోగే.

1999 మాన్యువల్ ప్రకారం చివరి ఇంటి దగ్గర కూడా నీటికి ఏడు మీటర్లు ఎక్కే సత్తువ మిగిలి ఉండాలి. రెండంతస్తుల ఇళ్ళున్న చోట 12 మీటర్లు, మూడంతస్తులకు 17. మా చిన్నప్పటి వీధి చివర మోకాలెత్తు కుళాయికే ఎక్కేది కాదు. గుంట తవ్వి, పైపు కోసి, నేలమట్టానికి దిగువన బిందె పెట్టుకునేవారు. వాన కురిస్తే ఆ గుంటలో నిండేది ఏమిటో చెప్పనక్కరలేదు. ఖాళీ పైపు చుట్టూ ఉన్న మురికిని లోపలికి పీల్చుకుంటుంది. కర్ణాటకలోని హుబ్బళ్ళి-ధారవాడలో కొన్ని వార్డులకు 24 గంటల నీళ్ళివ్వడం మొదలుపెట్టాక, పరిశోధకులు అక్కడి కుళాయి నీళ్ళనూ, విడతలవారీగా ఇచ్చే వార్డుల నీళ్ళనూ పరీక్షించి పోల్చారు. రోజంతా వచ్చే నీళ్ళలో బాక్టీరియా కాలుష్యం బాగా తక్కువగా ఉంది.

ఇంకో మాట. ఎప్పుడొస్తాయో తెలియని నీళ్ళను మనం ఉన్న పాత్రలన్నిట్లో పట్టి దాస్తాం. మర్నాడు తాజా నీళ్ళు రాగానే నిన్నటివి వాకిట్లో పారబోస్తాం. మా అమ్మ ఇప్పటికీ అంతే. అది ఆమె దుబారా అనను. నమ్మకం లేని సరఫరా నేర్పిన అలవాటది.

ఒక టీఎంసీ ఎందరి దాహం?

టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మన దగ్గర నీళ్ళ తగాదాలన్నీ ఈ మాటతోనే సాగుతాయి. లీటర్లలో 2,832 కోట్లు. ఏడాదికి పంచితే రోజుకు 7 కోట్ల 76 లక్షల లీటర్లు. మనిషికి 135, దానిమీద 15 శాతం నష్టం వేసుకున్నా దాదాపు అయిదు లక్షలమంది ఏడాది పొడుగునా వాడుకోవచ్చు. తాగునీటికి ఎన్ని టీఎంసీలు పోతాయోనని భయపెట్టేవారికి ఈ భాగహారం చూపించండి.

హైదరాబాద్‌లో 2021 నుంచి ఇంటికి నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచితం. అయిదుగురున్న ఇంటికి దాన్ని పంచి చూడండి. మనిషికి రోజుకు 133. ఆ పాత 135కు రెండే లీటర్లు తక్కువ.

ఆఖరుగా ఒక విన్నపం

పైన చెప్పిన లెక్కలన్నిటికీ మొదటి మెట్టు జనగణన. మనకు ఆఖరిసారి జరిగింది 2011లో. 2021లో జరగాల్సింది కోవిడ్ వల్ల వాయిదాపడి 2027కి వెళ్ళింది. అంటే ఇన్నాళ్ళూ మన పట్టణాల నీటి పథకాలు పదిహేనేళ్ళనాటి తలలు లెక్కపెట్టి వేసినవే. ఇళ్ళ వివరాలు రాసుకునేటప్పుడు తాగునీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఇంటి ఆవరణలోనా, దూరం నుంచి తెచ్చుకోవాలా అని కూడా అడుగుతారు.

మీ తలుపు తట్టిన ఎన్యూమరేటర్‌ను గుమ్మంలోనుంచే పంపించేయకండి. మేడమీద అద్దెకున్న వాళ్ళను, వెనక రేకుల షెడ్డులో ఉంటున్న పనివాళ్ళ కుటుంబాన్ని, పక్క హాస్టల్ పిల్లలను గుర్తుచేయండి. మీ ఇంటికి కుళాయి లేకపోతే లేదనే చెప్పండి. వీధి చివర కొత్తగా లేచిన ఇళ్ళ దాకా ఆయన వెళ్ళాడో లేదో కనుక్కోండి.